కారు ప్రమాదం సెటిల్‌మెంట్ నుంచి హెల్త్ ఇన్సూరెన్స్‌కి తిరిగి కట్టడం: ఎంత, ఎప్పుడు, ఏ కాగితం చూసి?

ఫ్రిస్కో_కిరణ్
నమస్కారమండీ. ప్రమాదం టెక్సాస్‌లో జరిగింది, తప్పు పూర్తిగా ఎదుటి డ్రైవర్‌ది. చికిత్సంతా ఉద్యోగం తరఫు హెల్త్ ప్లాన్ మీదే నడిచింది. లెక్కలివి: ఆస్పత్రులు వేసిన బిల్లు 61,300 డాలర్లు, నెట్‌వర్క్ రేటు ప్రకారం ఒప్పుకున్నది 31,900, అందులో రోగి వాటా 3,500, ప్లాన్ కట్టినది 28,400. ఎదుటివాళ్ల ఇన్సూరెన్స్‌తో 60,000కి మాట కుదిరింది. రిలీజ్ (ఇక దావా వేయనని రాసిచ్చే కాగితం) మీద ఇంకా సంతకం పెట్టలేదు. లాయర్ ఫీజు మూడో వంతు, కోర్టు కాగితాలు, రికార్డుల ఖర్చు 1,200.

ఇప్పుడు ప్లాన్ తరఫున ఒక రికవరీ కంపెనీ ఉత్తరం పంపింది, 28,400 మొత్తం 30 రోజుల్లో కట్టమని. అంతా కడితే చేతికి మిగిలేది 10,400. నెలనెలా ప్రీమియం కట్టించుకుని మళ్లీ అడిగే హక్కు వాళ్లకి నిజంగా ఉందా? ఉంటే మొత్తం కట్టాలా?

క్లెయిమ్స్_సుధ
కిరణ్ గారూ, హక్కు ఉండొచ్చు. ఎంత అన్నది ఆ ఉత్తరం చూసి తేలదు. మీ ప్లాన్‌లో "సబ్రోగేషన్" లేదా "రీయింబర్స్‌మెంట్" అనే శీర్షిక కింద ఒకటి రెండు పేజీలు ఉంటాయి. వేరేవాళ్ల తప్పు వల్ల గాయమైతే, వాళ్ల నుంచి మీకు డబ్బు వస్తే, ప్లాన్ కట్టినది ప్లాన్‌కి తిరిగివ్వాలని అందులో రాసుంటుంది. ఒకే బిల్లుకి రెండు చోట్ల డబ్బు రాకూడదన్నది దాని వెనకున్న వాదన.

మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. ప్లాన్ డబ్బు ఎవరిది? కంపెనీ సొంత డబ్బుతో నడిపే సెల్ఫ్ ఫండెడ్ ప్లానా, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కొన్న ప్లానా? కార్డు మీద పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన అది కొన్న ప్లాన్ అయిపోదు. చాలా పెద్ద కంపెనీలకి వాళ్లు క్లెయిములు చూసిపెట్టే గుమాస్తాలు మాత్రమే, డబ్బు యజమానిదే.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, ప్రైవేటు కంపెనీల్లో ఉద్యోగం తరఫు ప్లాన్లు దాదాపు అన్నీ 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం కిందకి వస్తాయి. కొన్న ప్లాన్ అయితే ఆ పాలసీ మీద రాష్ట్ర చట్టం కూడా పనిచేస్తుంది, రాష్ట్రం పెట్టిన పరిమితులు మీకు రక్షణ. సెల్ఫ్ ఫండెడ్ అయితే రాష్ట్ర చట్టం దాన్ని తాకదు. 1990లో ఎఫ్‌ఎంసీ వర్సెస్ హాలిడే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. అక్కడ ప్లాన్ పత్రంలో రాసిందే వేదం.

స్కూల్ డిస్ట్రిక్ట్, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్లాన్లు, మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వ ఇన్సూరెన్స్ వెబ్‌సైట్) సొంతంగా కొన్నవి ఎరిసా కిందకి రావు. ఫెడరల్ ఉద్యోగుల ప్లాన్ సంగతి వేరు: 2017లో కోవెంట్రీ వర్సెస్ నెవిల్స్ తీర్పు ప్రకారం రాష్ట్రాల నిషేధాలు దానికి వర్తించవు.

ప్లేనో_మాధవి
సుధ గారు చెప్పింది ఎలా తేల్చుకోవాలో రాస్తాను. టెక్సాస్ కాబట్టి మొదట కార్డు తీసి చూడండి. రాష్ట్రం నియంత్రించే ప్లాన్ అయితే కార్డు మీద "టీడీఐ" లేదా "డీఓఐ" (ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ పేరుకి పొట్టి రూపాలు) అనే అక్షరాలు వేయాలి. అవి లేకపోతే సెల్ఫ్ ఫండెడ్ అయ్యే అవకాశం ఎక్కువ, లేదా పాలసీ వేరే రాష్ట్రంలో తీసుకున్నది. అక్కడితో ఆగకండి.

రెండోది ఫారం 5500, కంపెనీ తన ప్లాన్ గురించి ఏటా ప్రభుత్వానికి వేసే నివేదిక. లేబర్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతికితే ఉచితంగా దొరుకుతుంది. హెల్త్ ప్లాన్‌కి ప్లాన్ నంబర్ సాధారణంగా 501తో మొదలవుతుంది. అందులో 9ఎ గడి చూడండి: "ఇన్సూరెన్స్", "ట్రస్ట్", "జనరల్ అసెట్స్ ఆఫ్ ద స్పాన్సర్" అని పెట్టెలుంటాయి. చాలామంది ఇక్కడే పొరపడతారు. డెంటల్, లైఫ్, డిజబిలిటీ అన్నీ కలిపి ఒకే ఫారం వేస్తారు గనక ఇన్సూరెన్స్ పెట్టెలోనూ టిక్ ఉంటుంది, జనరల్ అసెట్స్‌లోనూ ఉంటుంది. అప్పుడు వెనక జతచేసిన షెడ్యూల్ ఎ (ఇన్సూరెన్స్ వివరాల పేజీ) లన్నీ తిప్పి, 8వ వరసలో "హెల్త్" పెట్టె ఏ ఇన్సూరెన్స్ కంపెనీకి టిక్ అయిందో చూడాలి. మెడికల్‌కి షెడ్యూల్ ఎ లేకుండా డెంటల్‌కి, లైఫ్‌కి మాత్రమే ఉంటే మెడికల్ యజమాని డబ్బే. "స్టాప్ లాస్" అని ఉంటే అది యజమాని తన నష్టానికి కొనుక్కున్న పాలసీ, దానివల్ల ప్లాన్ కొన్న ప్లాన్ అయిపోదు.

వందమంది కూడా లేని చిన్న కన్సల్టెన్సీ అయితే ఫారం 5500 అసలు దొరకకపోవచ్చు, ఆ సైజు ప్లాన్లకి చాలావరకు మినహాయింపు ఉంది. దొరకలేదని కంగారు పడొద్దు.

ప్లేనో_మాధవి
మూడోది రాయడం మర్చిపోయాను, అసలు బలం దానిదే. ప్లాన్ అడ్మినిస్ట్రేటర్‌కి (చాలాసార్లు మీ కంపెనీయే, పేరు, చిరునామా ఎస్‌పీడీ, అంటే సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే ప్లాన్ సారాంశం, చివరి పేజీల్లో ఉంటాయి) సర్టిఫైడ్ పోస్టులో ఉత్తరం రాయండి. ఎరిసా 104(బి)(4) సెక్షన్ కింద ఇవి కావాలని అడగండి: ప్లాన్ డాక్యుమెంట్, ప్రమాదం జరిగిన ఏడాది సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్, ఆ తర్వాత వచ్చిన సవరణలు, అడ్మినిస్ట్రేటివ్ సర్వీసెస్ అగ్రిమెంట్, కొత్త ఫారం 5500. 30 రోజుల్లో ఇవ్వకపోతే కోర్టు రోజుకి 110 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. రికవరీ కంపెనీకి రాస్తే ఈ గడువు మొదలవదు, అడ్మినిస్ట్రేటర్‌కే రాయాలి. వాళ్లకి నకలు పంపండి చాలు.

హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ పెడితే బెనిఫిట్స్ గైడ్ అనే రంగుల పుస్తకం పంపి చేతులు దులుపుకుంటారు. అది ప్లాన్ డాక్యుమెంట్ కాదు.

హ్యూస్టన్_నరేష్
టెక్సాస్ చట్టం లెక్క నేను వేస్తాను. సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్, 140వ అధ్యాయం, 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కొన్న ప్లాన్లకి వర్తిస్తుంది. సెల్ఫ్ ఫండెడ్ ఎరిసా, మెడికేర్ (పెద్దవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లది), వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో గాయాలకి వచ్చేది) దీనికి బయట.

లాయర్ లేకుండా సెటిల్ చేసుకుంటే: మొత్తం సెటిల్‌మెంట్‌లో సగం, ప్లాన్ కట్టిన మొత్తం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. లాయర్ ఉంటే: అదే లెక్కలోంచి ప్లాన్ తన వంతు లాయర్ ఫీజు, ఖర్చులు కూడా తగ్గించుకోవాలి. వేరే ఒప్పందం లేకపోతే ఆ ఫీజు ప్లాన్‌కి దక్కే దాంట్లో మూడో వంతు దాటదు.

కిరణ్ గారి అంకెలు పెడితే: 60,000లో సగం 30,000. ప్లాన్ కట్టినది 28,400, ఇది తక్కువ. దాంట్లోంచి మూడో వంతు 9,466.67 తీయాలి. ఖర్చులు 1,200 అంటే సెటిల్‌మెంట్‌లో 2 శాతం, 28,400 మీద 568. మిగిలింది 18,365.33. అంటే ఉత్తరంలో అడిగిన దానికంటే పదివేలు తక్కువ. ఈ తగ్గింపు వాళ్ల దయ కాదు, చట్టం. రికవరీ కంపెనీ ఉత్తరం మాత్రం ప్లాన్ ఏదైనా ఒకే మూసలో వస్తుంది, పూర్తి మొత్తమే అడుగుతుంది. 30 రోజుల గడువు కూడా వాళ్లు పెట్టుకున్నదే. అలాగని జవాబివ్వకుండా ఊరుకోవద్దు. "పత్రాలు అడిగాం, వచ్చాక మాట్లాడతాం, అప్పటిదాకా డబ్బు లాయర్ ట్రస్ట్ ఖాతాలో ఉంటుంది" అని రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది.

బేఏరియా_పద్మ
కాలిఫోర్నియా వాళ్లు ఈ లెక్క చూసి తికమక పడకుండా: ఇక్కడ సివిల్ కోడ్ 3040. లాయర్ ఉంటే సెటిల్‌మెంట్‌లో మూడో వంతు, లేకపోతే సగం, ప్లాన్ అంతకు మించి తీసుకోలేదు. ప్రమాదంలో మీ తప్పు కూడా కొంత శాతం ఉందని తేలితే ఆ శాతం తగ్గాలి. లాయర్ ఫీజులో ప్లాన్ వంతు కూడా తగ్గించాలి. చాలామంది మూడో వంతు పరిమితి చూసి సంతోషపడి, ఫీజు తగ్గింపు అడగడమే మానేస్తారు. రెండు విధాలా లెక్క వేసి, తక్కువ వచ్చింది అడగండి.

డాక్టరుకి నెలకింత అని ముందే కట్టే హెచ్‌ఎంఓల్లో "మేము కట్టినది ఇంత" అని చెప్పడానికి విడి బిల్లు ఉండదు. అలాంటి చోట, అదే సేవకి మామూలుగా తీసుకునే రేటులో 80 శాతం దాటకూడదని అదే సెక్షన్ చెబుతుంది. వాళ్లు పంపే జాబితాలో అంకెలు పూర్తి రేటుకి ఉంటే ప్రశ్నించాలి.

ఎడిసన్_మూర్తి
న్యూజెర్సీలో కొన్న ప్లాన్ అయితే అసలు తిరిగి కట్టనక్కర్లేదు. 2001లో పెరేరా వర్సెస్ రెడిగర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. న్యూయార్క్‌లో జనరల్ ఆబ్లిగేషన్స్ లా 5-335, వర్జీనియాలో 38.2-3405 సెక్షన్, నార్త్ కరోలినాలో ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ నిబంధన, ఇవన్నీ అదే పని చేస్తాయి. సెల్ఫ్ ఫండెడ్ అయితే ఎడిసన్‌లో ఉన్నా షార్లెట్‌లో ఉన్నా ఇవేవీ పనికిరావు.

మరో చిక్కు. కంపెనీ న్యూజెర్సీలో, ఉద్యోగి క్లయింట్ దగ్గర టెక్సాస్‌లో. మనవాళ్లలో ఇది మామూలే. అప్పుడు ఏ రాష్ట్ర చట్టం? ప్రమాదం ఎక్కడ జరిగిందో చూసి తేల్చేయకండి. పాలసీ ఎక్కడ జారీ అయిందో, సర్టిఫికెట్‌లో ఏ రాష్ట్ర చట్టం వర్తిస్తుందని రాశారో చూడండి. న్యూజెర్సీ పాలసీ అయితే టెక్సాస్ లెక్కకి ఒప్పుకునే ముందు ఈ వాదన తప్పకుండా పెట్టాలి.

న్యూజెర్సీలో కారు పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని చాలామంది "హెల్త్ ప్రైమరీ" ఎంచుకుంటారు. అంటే ప్రమాదం బిల్లులు ముందు హెల్త్ ప్లాన్‌కి పోతాయి. ఆ హెల్త్ ప్లాన్ సెల్ఫ్ ఫండెడ్ అయితే ప్రమాదం బిల్లులు మొదట కట్టనని ప్లాన్ పత్రంలో రాసి ఉండొచ్చు, కడితే సెటిల్‌మెంట్‌లోంచి వెనక్కి అడగొచ్చు. ఆదా అయిన ప్రీమియం దీనిముందు ఏపాటి? ఎంచుకునే ముందు ప్లాన్ పత్రం చూడండి.

సియాటిల్_చందు
ఇంత లెక్క ఎందుకండీ. మాంటనీల్ కేసు ఉంది కదా, 2016. సెటిల్‌మెంట్ డబ్బు ఖర్చయిపోతే ప్లాన్ ఏమీ చేయలేదని సుప్రీంకోర్టే చెప్పింది. డబ్బు తీసుకుని వాడేసుకోవడమే.

క్లెయిమ్స్_సుధ
చందు గారూ, ఈ సలహా చదివి ఎవరైనా పాటిస్తే నిలువునా మునుగుతారు. దయచేసి ఆ తీర్పు పూర్తిగా చూడండి.

ఆ కేసులో ప్లాన్ కట్టినది 1,21,044 డాలర్లు, సెటిల్‌మెంట్ 5,00,000. లాయర్ ప్లాన్‌కి ముందే చెప్పాడు, 14 రోజుల్లో అభ్యంతరం రాకపోతే డబ్బు క్లయింట్‌కి ఇచ్చేస్తానని. ప్లాన్ పలకలేదు, దావా వేయడానికి ఆరు నెలలు తీసుకుంది. అప్పుడు కోర్టు అన్నది: ఎరిసా 502(ఎ)(3) కింద ప్లాన్ ఆ నిర్దిష్ట నిధి మీదకే రాగలదు. ఆ నిధి మొత్తం జాడ దొరకని వాటి మీద, అంటే తిండి, సేవల లాంటి వాటి మీద, ఖర్చయిపోయి ఉంటే మిగతా ఆస్తి మీదకి రాలేదు. అందుకని ఎంత మిగిలిందో తేల్చమని కింది కోర్టుకి పంపింది.

బ్యాంకులో ఉన్నా, ఇంటి డౌన్ పేమెంట్‌కి పోయినా, కారు కొన్నా, ఇండియాలో స్థలం కొన్నా దానికి జాడ ఉంటుంది. 2006 నాటి సెరెబాఫ్ తీర్పు ప్రకారం విడిగా గుర్తించగల ఆ నిధి మీద ప్లాన్‌కి లీన్ (ఆ డబ్బులోంచి రాబట్టుకునే హక్కు) ఉంటుంది. పైగా ఇప్పుడు రికవరీ కంపెనీలు ఆరు నెలలు ఆగవు, డబ్బు కదలకుండా కోర్టు ఉత్తర్వు అడుగుతాయి.

చాలా ప్లాన్ పత్రాల్లో ఇంకో వాక్యం ఉంటుంది: తిరిగి కట్టకపోతే మీ మీద, మీ కుటుంబం మీద వచ్చే కొత్త క్లెయిముల్లోంచి ఆ మొత్తం మినహాయించుకుంటామని. వచ్చే ఏడాది ఇంట్లో కాన్పు ఉంటే ఆ బిల్లు నిలిచిపోతుంది. సెటిల్‌మెంట్ రిలీజ్‌లో కూడా "ఎవరైనా లీన్‌తో వస్తే బాధ్యత నాదే" అని మీరే సంతకం పెడతారు.

సియాటిల్_చందు
సరేనండీ, ఆ కుటుంబం క్లెయిముల సంగతి నాకు తట్టలేదు. పై సలహా వెనక్కి తీసుకుంటున్నాను, ఎవరూ పాటించకండి.

లెడ్జర్_లక్ష్మి
ఏ శాతం తగ్గించాలో వాదించే ముందు, అసలు మొత్తం సరైనదేనా అని చూడాలి కదా. రికవరీ కంపెనీ దగ్గర్నుంచి వరసవారీ జాబితా అడగండి: తేదీ, డాక్టరు లేదా ఆస్పత్రి, డయాగ్నోసిస్ కోడ్, చేసిన పని కోడ్, బిల్లు మొత్తం, ప్లాన్ కట్టిన మొత్తం. ఒక్క పేజీలో కూడిక మాత్రం పంపితే ఒప్పుకోవద్దు.

జాబితా వచ్చాక ప్రతి వరసనీ మీ ఈఓబీలతో (ఏ క్లెయిముకి ప్లాన్ ఎంత కట్టిందో చూపే కాగితాలతో) పక్కపక్కన పెట్టండి. మొదటి తనిఖీ, బిల్లు మొత్తం అడుగుతున్నారా, కట్టిన మొత్తం అడుగుతున్నారా అని. కిరణ్ గారి లెక్కలో అది 61,300కీ 28,400కీ ఉన్న తేడా. మీ జేబులోంచి పోయిన 3,500 మీద వాళ్లకి ఏ హక్కూ లేదు.

రెండోది కోడ్లు. గాయాల కోడ్లు "ఎస్"తో మొదలవుతాయి, మెడ బెణుకు అయితే ఎస్13.4. "ఎం" వర్గం కోడ్లు దగ్గర జాగ్రత్త పడాలి. ఎం54.2 అంటే మెడనొప్పి, అది ప్రమాదం వల్లా కావచ్చు, కంప్యూటర్ ముందు కూర్చోవడం వల్లా కావచ్చు. ప్రమాదానికి ముందు నుంచీ అదే నొప్పికి చూపించుకుంటూ ఉంటే పాత రికార్డు పెట్టి అడగండి. జెడ్00 అంటే ఏడాదికోసారి చేయించే పరీక్ష, ఇది ఎప్పుడూ ప్రమాదం ఖాతాలోకి రాకూడదు. ఒక తేదీన ఒకే డాక్టరు దగ్గర షుగర్ పరీక్షా, మెడనొప్పీ రెండూ చూపించుకుంటే మొత్తం బిల్లు లాగేస్తారు.

మూడోది మందులు. మందుల క్లెయిములు వేరే కంపెనీ నుంచి వస్తాయి, వాటిలో డయాగ్నోసిస్ కోడ్ ఉండకపోవడం మామూలు. తేదీల మధ్య ఉన్నవన్నీ ఊడ్చి పెట్టేస్తారు. బీపీ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు, పిల్లల యాంటీబయాటిక్ కూడా జాబితాలో కనబడితే ఆశ్చర్యపోకండి.

నాలుగోది, కట్టి వెనక్కి తీసుకున్న క్లెయిములు. ఆస్పత్రి తప్పుగా వేసి మళ్లీ వేస్తే మొదటిది మైనస్‌గా రావాలి. ఆ మైనస్ వరస జాబితాలో రాకుండా రెండు ప్లస్‌లే వస్తుంటాయి.

అభ్యంతరం చెప్పేటప్పుడు "కొన్ని తప్పులున్నాయి" అంటే పని జరగదు. వరస నంబరు, తేదీ, మొత్తం, కారణం రాసి, కింద సరైన కూడిక వేసి, సవరించిన జాబితా పంపమని అడగాలి.

ఫ్రిస్కో_కిరణ్
అందరికీ ధన్యవాదాలు. చూసినంతలో తేలింది: కార్డు మీద టీడీఐ లేదు. ఫారం 5500లో జనరల్ అసెట్స్ టిక్ ఉంది, మెడికల్‌కి షెడ్యూల్ ఎ లేదు. కాబట్టి సెల్ఫ్ ఫండెడ్, నరేష్ గారి లెక్క నాకు పనికిరాదు.

ఎస్‌పీడీలో రెండు పేజీలున్నాయి. ప్లాన్‌కి మొదటి హక్కు అనీ, గాయపడిన మనిషికి పూర్తి నష్టపరిహారం అందినా అందకపోయినా కట్టాలనీ, సెటిల్‌మెంట్‌ని నొప్పి, బాధ అని ఏ పేరు పెట్టి విడదీసినా చెల్లదనీ రాశారు. లాయర్ ఫీజు గురించి ఏమీ లేదు.

జాబితాలో ప్రమాదానికి సంబంధం లేనివి మూడు: వార్షిక పరీక్ష 310, థైరాయిడ్ పరీక్ష 145, అంతకుముందు నుంచీ ఉన్న మోకాలి నొప్పికి ఎంఆర్‌ఐ 1,180.

క్లెయిమ్స్_సుధ
"లాయర్ ఫీజు గురించి ఏమీ లేదు." కిరణ్ గారూ, మీ మొత్తం కేసు ఈ వాక్యంలో ఉంది.

2013లో యూఎస్ ఎయిర్‌వేస్ వర్సెస్ మకచెన్. ప్లాన్ కట్టినది 66,866, మొత్తం వచ్చినది 1,10,000, లాయర్‌కి 40 శాతం పోగా మకచెన్‌కి మిగిలింది 66,000. ప్లాన్ అడిగినంత ఇస్తే చేతి డబ్బు ఎదురు వేయాలి! సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. ప్లాన్ పత్రంలో స్పష్టంగా రాసినదాన్ని న్యాయం, ధర్మం పేరుతో కొట్టేయలేం. కానీ లాయర్ ఫీజు విషయంలో పత్రం మౌనంగా ఉంటే, ఆ ఖాళీని కామన్ ఫండ్ సూత్రం పూరిస్తుంది. అంటే డబ్బు రాబట్టడానికి అయిన ఖర్చులో ప్లాన్ కూడా తన వంతు భరించాలి.

మీ అంకెలు: 28,400లోంచి 1,635 పోతే 26,765. మూడో వంతు ఫీజు 8,921.67. ఖర్చుల్లో వాటా 535.30. కట్టాల్సింది 17,308.03. లాయర్ ఫీజు, ఖర్చులు 21,200 పోగా మీకు మిగిలేది 21,491.97. ఉత్తరం ప్రకారం అయితే 10,400.

ఒక్క షరతు. ఎస్‌పీడీ చూసి ఆగొద్దు, అసలు ప్లాన్ డాక్యుమెంట్ కూడా రావాలి. 2011 నాటి సిగ్నా వర్సెస్ అమారా తీర్పు ప్రకారం సారాంశం వేరు, ప్లాన్ వేరు. మకచెన్ కేసులో అసలు పత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక గానీ బయటికి రాలేదు, అందులో మాటలు సారాంశంలో ఉన్నట్టు లేవు. అప్పటికి ఆలస్యమైపోయింది. కొన్ని కంపెనీలు ఎస్‌పీడీనే ప్లాన్ డాక్యుమెంట్‌గా ప్రకటించుకుంటాయి, అప్పుడు రెండూ ఒకటే. ఏది మీదో తెలియాలంటే మాధవి గారు చెప్పిన సర్టిఫైడ్ ఉత్తరం వెళ్లాల్సిందే. అసలు పత్రంలో "కామన్ ఫండ్ వర్తించదు" అని ఒక్క వాక్యం కనబడితే ఈ వాదన పోతుంది, ఆపైన బేరమే.

హ్యూస్టన్_నరేష్
ఆ బేరం గురించి, పత్రం పూర్తిగా ప్లాన్ వైపే ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా. రికవరీ కంపెనీలో ఫోన్ ఎత్తే మనిషికి కొంతవరకే తగ్గించే అధికారం ఉంటుంది. అది దాటితే ప్లాన్ స్పాన్సర్‌ని, అంటే మీ యజమానిని, అడగాలి. "స్పాన్సర్ నిర్ణయానికి పంపండి" అని రాతపూర్వకంగా అడిగితే తప్ప పంపరు.

ఊరికే కష్టాల్లో ఉన్నామంటే వినరు. కాగితాలు జతచేయండి: ఎదుటివాళ్ల పాలసీ పరిమితి చూపే పేజీ, లాయర్ ఫీజు ఒప్పందం, ఇంకా జరగాల్సిన చికిత్సకి డాక్టరు అంచనా, పని మానేసిన రోజుల జీతం, సెటిల్‌మెంట్ ఎవరికెంత పోతుందో చూపే పట్టిక. పాలసీ పరిమితి చాలా బలమైన కారణం. టెక్సాస్‌లో మనిషికి కనీస పరిమితి 30,000. పెద్ద గాయమై, పరిమితి అంతటితో ఆగిపోతే, మొత్తం ప్లాన్‌కే పోయే పరిస్థితి వస్తుంది. అప్పుడు లాయర్‌కి మూడో వంతు, ప్లాన్‌కి మూడో వంతు, గాయపడిన మనిషికి మూడో వంతు అని అడగడం వాడుకలో ఉన్న పద్ధతి. లాయర్‌ని కూడా ఫీజు తగ్గించమని అడగండి, మొహమాటపడకండి. ఆయన తగ్గించాడని చూపిస్తే ప్లాన్ కూడా కదులుతుంది.

ఈ బేరమంతా రిలీజ్ మీద సంతకం పెట్టకముందే మొదలవ్వాలి. "ఇంత తగ్గిస్తేనే ఈ సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుంటాను" అని చెప్పగలిగేది అప్పటిదాకానే.

ఆస్టిన్_జ్యోతి
అమ్మానాన్నలు కారులో ఉండగా ప్రమాదమైతే వాళ్ల లెక్క వేరు. విజిటర్ ఇన్సూరెన్స్ ఎరిసా కాదు, కానీ సర్టిఫికెట్‌లో సబ్రోగేషన్ పేజీ ఉంటుంది, చదవండి.

గ్రీన్‌కార్డు వచ్చి మెడికేర్‌లో చేరిన పెద్దవాళ్లయితే అది ఫెడరల్ చట్టం, తప్పించుకునే దారే లేదు. మెడికేర్ తరఫున ఈ వసూళ్లు చూసే బీసీఆర్‌సీ అనే కార్యాలయానికి ప్రమాదం సంగతి మొదట్లోనే తెలియజేయాలి. కండిషనల్ పేమెంట్ (మెడికేర్ అప్పటిదాకా కట్టిన బిల్లుల) జాబితా పంపుతారు, అందులో సంబంధం లేని వరసలకి అభ్యంతరం చెప్పొచ్చు. సెటిల్‌మెంట్ వివరాలు పంపాక లాయర్ ఫీజు, ఖర్చుల వంతు వాళ్లే తగ్గించి డిమాండ్ లెటర్ ఇస్తారు. ఫీజు, ఖర్చుల అంకెలు పంపకపోతే తగ్గింపు రాదు, ఇక్కడే చాలామంది నష్టపోతారు. లెటర్ తేదీ నుంచి 60 రోజుల్లో కట్టకపోతే వడ్డీ పడుతుంది. అప్పీలు వేయడానికి 120 రోజులుంది గానీ, అప్పీలు పేరుతో కట్టడం ఆపితే వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కట్టేసి అప్పీలు వేయడం మేలు.

మెడికెయిడ్ అయితే సెటిల్‌మెంట్‌లో వైద్యానికి చెందిన భాగం మీదకే రాగలదు. 2022 నాటి గల్లార్డో తీర్పు తర్వాత, ముందు ముందు జరగబోయే వైద్యం భాగం కూడా అందులోకి వస్తుంది.

ప్లేనో_మాధవి
సొంత కారు పాలసీలో అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ (ఎదుటివాళ్లకి ఇన్సూరెన్స్ లేకపోతే మీ పాలసీయే కట్టేది) నుంచి వచ్చిన డబ్బు మీదకి కూడా వస్తారా అని అడుగుతుంటారు. 140వ అధ్యాయం వర్తించే ప్లాన్ అయితే, ఆ కారు ప్రీమియం మీరో మీ ఇంట్లోవాళ్లో కట్టినదైతే ముట్టుకోకూడదు. సెల్ఫ్ ఫండెడ్ అయితే పత్రంలో "అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్" అని రాసుంటే వస్తారు. మకచెన్‌కి వచ్చిన 1,10,000లో లక్ష తన సొంత కారు పాలసీదే.

ఆస్పత్రి లీన్‌ని దీంతో కలిపేయకండి, అది వేరే అప్పు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 55వ అధ్యాయం: ప్రమాదమైన 72 గంటల్లో ఆస్పత్రిలో చేర్చుకుంటే, కౌంటీ క్లర్క్ దగ్గర నోటీసు వేసి లీన్ పెట్టొచ్చు. హెల్త్ ప్లాన్‌కి బిల్లు పంపకుండా సెటిల్‌మెంట్ కోసం కాచుకుని పూర్తి రేటు అడిగే ఆస్పత్రులున్నాయి. కౌంటీ రికార్డుల్లో పేరుతో వెతికి చూడండి. ఉంటే, నెట్‌వర్క్ ఒప్పందం ప్రకారం ప్లాన్‌కి బిల్లు వేయమని అప్పుడే రాయండి. ప్లాన్‌లో క్లెయిము వేసే గడువు దాటిపోయాక ఎవరు అడిగినా వినరు.

ఎడిసన్_మూర్తి
మధ్యలో ఉద్యోగం మారినవాళ్లకి రెండు ప్లాన్లు ఉంటాయి, రెండు లీన్లు. పాత ప్లాన్‌కి ఆ ఏడాది పత్రం, కొత్తదానికి దాని పత్రం, విడివిడిగా తెప్పించుకోవాలి. ఒకటి కొన్నది, ఒకటి సెల్ఫ్ ఫండెడ్ కూడా కావచ్చు. ఇల్లు మారితే రికవరీ కంపెనీ పంపే ప్రమాదం ప్రశ్నల ఫారం పాత చిరునామాకి పోతుంది. జవాబు లేదని ప్లాన్ క్లెయిములు ఆపేస్తుంది. ఆ ఫారం నిజాయితీగా నింపండి, కానీ దాంతో జతచేసి పంపే "రీయింబర్స్‌మెంట్ అగ్రిమెంట్" మీద లాయర్ చూడకుండా సంతకం పెట్టకండి. ప్లాన్ పత్రంలో లేని హక్కులు అందులో రాయించుకోవచ్చు.

ఫ్రిస్కో_కిరణ్
ప్లాన్ డాక్యుమెంట్ వచ్చింది. రీయింబర్స్‌మెంట్ పేజీలు ఎస్‌పీడీలో ఉన్నవే, అక్షరం తేడా లేదు, ఫీజు ప్రస్తావన ఎక్కడా లేదు. మూడు వరసలు తీసేసి సవరించిన జాబితా కూడా పంపారు. 17,308.03 కి మా ప్రతిపాదన వెళ్లింది. ఈలోగా ఎదుటి ఇన్సూరెన్స్ వాళ్లు చెక్కు మీద హెల్త్ ప్లాన్ పేరు కూడా కలిపి రాస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

క్లెయిమ్స్_సుధ
వద్దు. రెండో పేరున్న చెక్కు ప్లాన్ సంతకం లేకుండా బ్యాంకులో పడదు, ఆ సంతకానికి వారాలు పడుతుంది, బేరంలో మీ పట్టు కూడా సడలుతుంది. "లీన్ మొత్తం తేలేదాకా లాయర్ ట్రస్ట్ ఖాతాలో ఉంచుతాం" అని మీ లాయర్ ఉత్తరం ఇస్తే చాలావరకు ఒప్పుకుంటారు. వివాదంలో ఉన్న 28,400 ట్రస్ట్‌లో ఆపి, వివాదం లేని మీ భాగం ముందే తీసుకోవచ్చేమో లాయర్‌ని అడగండి.

ప్లాన్ ఒప్పుకున్నాక డబ్బు పంపే ముందే ఉత్తరం తెప్పించుకోండి. అందులో ఉండాల్సినవి: మెంబర్ ఐడీ, ప్రమాదం తేదీ, వాళ్ల ఫైలు నంబరు, 17,308.03 పూర్తి, తుది చెల్లింపు అన్న మాట, సెటిల్‌మెంట్ తేదీ దాకా వచ్చిన, ఆ తర్వాత ఆలస్యంగా వచ్చే క్లెయిములన్నీ ఇందులో కలిసినట్టే అన్న వాక్యం. ఆ ఆఖరి వాక్యం లేకపోతే ఫిజియోథెరపీ బిల్లు ఒకటి మూడు నెలల తర్వాత ప్రాసెస్ అయి మళ్లీ కొత్త ఉత్తరం వస్తుంది. చెక్కు ట్రస్ట్ ఖాతా నుంచే, ఫైలు నంబరు రాసి, ట్రాకింగ్ ఉన్న పోస్టులో. అది క్యాష్ అయ్యాక జీరో బ్యాలెన్స్ లెటర్ అడిగి తీసుకోండి. ఉద్యోగం మారినా, ఇండియా వచ్చేసినా ఆ లెటర్ పారేయకండి.

ఫ్రిస్కో_కిరణ్
ఆలస్యంగా వచ్చే క్లెయిముల వాక్యం మా ప్రతిపాదనలో లేదు. ఈరోజే కలిపి మళ్లీ పంపిస్తున్నాం.